ఎకరంలో ఇల్లు గడుస్తుందా? పిల్లలతో కలిసి వేయాల్సిన లెక్క



పేరెంట్ మీటింగుల్లో ఈమధ్య తరచుగా వినిపిస్తున్న మాట ఒకటుంది. “వీడి టెన్త్ అయిపోతే ఊరి దగ్గర ఒక ఎకరం కొనుక్కుని వెళ్లిపోదామనుకుంటున్నాం సార్. మన బియ్యం, మన పాలు, మన కూరగాయలు. ఈ ట్రాఫిక్ గోల ఉండదు.” కొందరు మాటవరసకు అంటారు. కొందరు అప్పటికే బ్రోషర్లు తెప్పించుకుని, ఆదివారం సైట్ విజిట్‌కి కూడా వెళ్లొచ్చి ఉంటారు. ఈ నెల ఇంటి పాఠం ఆ రెండో రకం వారి కోసం. ఇందులో ఉన్నది వారి పదేళ్ల పొదుపు, పిల్లల చదువులో ఒకటి రెండు కీలకమైన సంవత్సరాలు.

ఆరో తరగతి దాటిన పిల్లలు ఈ పాఠంలో మీతో సమానంగా కూర్చోగలరు. వైశాల్యం, శాతాలు, నిష్పత్తి, ఘనపరిమాణం అన్నీ ఇందులోకి వస్తాయి. ఒక నోట్‌బుక్, వంటింటి తూకం, గత మూడు నెలల కిరాణా బిల్లులు దగ్గర పెట్టుకోండి. పొలం సంగతి తర్వాత. ముందు వంటింట్లోకి పదండి.

మన ఇల్లు ఏడాదికి ఎంత తింటుంది?

ఈ ప్రశ్న అడిగితే చాలా ఇళ్లలో ఎవరికీ జవాబు తెలియదు. నెలకు ఎంత ఖర్చవుతుందో తెలుసు, ఎన్ని కిలోలు తింటున్నామో తెలియదు. ఒక వారం పాటు గిన్నెలో పోసే బియ్యాన్ని పిల్లల చేతే తూకం వేయించండి. ఇడ్లీ, దోసెల పిండికి నానబోసిన బియ్యాన్ని మర్చిపోవద్దు, అందరూ మర్చిపోయేది అదే.

నలుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 350 గ్రాములు అనుకుందాం. రోజుకు 1.4 కిలోలు, ఏడాదికి 511 కిలోలు. వడ్లు మరపట్టిస్తే వంద కిలోలకు సుమారు 65 కిలోల బియ్యం వస్తుంది, మిగిలింది ఊక, తవుడు, నూక. అంటే దాదాపు 8 క్వింటాళ్ల వడ్లు కావాలి. నీటి సౌకర్యం ఉన్న పొలంలో ఎకరానికి 24 క్వింటాళ్లు, అంటే 75 కిలోల బస్తాలు 32 పండాయనుకుంటే, మన ఇంటి బియ్యానికి ఎకరంలో మూడో వంతు, 33 సెంట్లు సరిపోతాయి.

పప్పు చూద్దాం. రోజుకు 200 గ్రాముల చొప్పున ఏడాదికి 73 కిలోలు. కందులు విసిరితే పొట్టు, చూర్ణం పోను 70 శాతం పప్పు వస్తుందనుకుంటే 104 కిలోల కందులు కావాలి. వానాధారంగా ఎకరానికి మూడున్నర క్వింటాళ్లు వస్తే 30 సెంట్లు.

నూనె. నెలకు 3 లీటర్లు వాడే ఇంటికి ఏడాదికి 36 లీటర్లు, తూకంలో సుమారు 33 కిలోలు. పల్లీ గింజల నుంచి గానుగలో 40 శాతం నూనె దిగితే 82 కిలోల గింజలు, దానికి 118 కిలోల కాయలు. ఎకరానికి 6 క్వింటాళ్ల కాయల లెక్కన 20 సెంట్లు.

కూరగాయలకు, ఆకుకూరలకు 5 సెంట్లు. ఒక గేదెకు పచ్చిమేత కోసం నేపియర్ గడ్డి 10 సెంట్లు. ఇక కూడండి: 33, 30, 20, 5, 10. మొత్తం 98 సెంట్లు. ఎకరమంటే 100 సెంట్లు.

ఇప్పుడు మీ అబ్బాయిని గానీ అమ్మాయిని గానీ ఒక్క ప్రశ్న అడగండి: ఇల్లు ఎక్కడ కడదాం? పశువుల కొట్టం, గడ్డివామి, బండి తిరిగే దారి, నీటి గుంట ఎక్కడ? పిల్లలు ఈ ప్రశ్న దగ్గర తప్పకుండా నవ్వుతారు. బ్రోషర్‌లో ‘5 గుంటల ఫామ్ ప్లాట్, మీ సొంత వ్యవసాయ జీవితం’ అని చూసినప్పుడు ఆ నవ్వు గుర్తుంటే చాలు. గుంట అంటే 121 చదరపు గజాలు, రెండున్నర సెంట్లు. 5 గుంటలంటే 605 గజాలు. అందులో చిన్న ఇల్లు, నాలుగు మామిడి చెట్లు, ఆకుకూరల మడి హాయిగా పడతాయి. సెలవులకు వెళ్లే తోటగా అది మంచిదే. దాని మీద ఇల్లు గడుస్తుందని మాత్రం అనుకోవద్దు.

వాన లెక్క

పై లెక్కలో ఒక మెలిక ఉంది. 33 సెంట్లలో బియ్యం పండుతుందన్నది నీళ్లుంటేనే.

చదరపు మీటరు నేల మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీరు. ఈ ఒక్క వాక్యం పిల్లలకు అర్థమైతే మిగతాది వారే చేస్తారు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. ఏడాదికి 800 మి.మీ. వాన పడే చోట, హైదరాబాద్ చుట్టుపక్కల సగటు దాదాపు అంతే, ఎకరం మీద పడే నీరు 32 లక్షల లీటర్లకు పైమాటే. వినడానికి సముద్రంలా ఉంది. ఇప్పుడు వరి సంగతి చూడండి. ఒక పంట కాలానికి దానికి సుమారు 1,200 మి.మీ. నీరు పడుతుంది. మన 33 సెంట్ల మడికి ఎంతవుతుందో లెక్క కట్టించండి: 1,335 చదరపు మీటర్లు, ఒకటింబావు మీటరుకు కాస్త తక్కువ లోతు, అంటే 16 లక్షల లీటర్లు. ఎకరం మొత్తం మీద ఏడాది పొడవునా పడ్డ వానలో సగం, మూడో వంతు నేలలోని వరికే పోయింది. పడ్డ వానంతా మన చేతికి రాదు కూడా. ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపు, అదీ కొన్ని పెద్ద వానల్లో వచ్చి, పారి, ఆవిరై పోతుంది.

కాలువ కింద పొలం ఉన్నవారికి ఈ బాధ తక్కువ. కృష్ణా, గోదావరి డెల్టాల్లో తాతల నాటి పొలం ఉన్న కుటుంబాలు ఈ భాగాన్ని చకచకా చదివేయొచ్చు. అనంతపురం వైపు సగటు వాన 550 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. అక్కడ, తెలంగాణ చెలకల్లో, బోరు ఒక్కటే దిక్కు అనుకుని దిగేవారే ఎక్కువగా దెబ్బతింటారు. బోరు వేయడానికి కూడా 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. నీళ్లు పడతాయని ఎవరూ రాసివ్వరు.

“అయితే వరి మానేసి కొర్రలు, జొన్నలు తింటాం” అంటారు. మంచి ఆలోచనే. వాటికి నీరు వరికి పట్టేదానిలో మూడో వంతు చాలు. కానీ ఎకరానికి 7 క్వింటాళ్ల కొర్రలు అనుకుంటే, 511 కిలోల కొర్ర బియ్యానికి 112 సెంట్లు కావాలి. నీరు తగ్గించుకుంటే నేల పెంచుకోవాల్సి వస్తుంది. పప్పు, నూనె, మేత, ఇల్లు కలిపితే మెట్ట ప్రాంతంలో లెక్క రెండెకరాలు దాటుతుంది. వాన తప్పిన ఏడాదికి గాదెలో నిల్వ కూడా ఉండాలంటే మూడెకరాలు అనుకోండి.

జహీరాబాద్ ఆడవాళ్లు ఈ లెక్క ఎలా వేశారు?

ఇక్కడే పుస్తకాల లెక్కకు, పొలం లెక్కకు తేడా వస్తుంది. మనం పైన ప్రతి పంటకూ విడిగా గళ్లు గీశాం. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలోని చిన్న రైతు మహిళలు గళ్లు గీయరు. ఒకే చెలకలో జొన్న, కంది, కొర్ర, పెసర, మినుము, బొబ్బర్లు, నువ్వులు, గోగు కలిపి విత్తుతారు. 1983లో పస్తాపూర్ కేంద్రంగా మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఈ పద్ధతిని, దాని వెనుక ఉన్న పేద దళిత మహిళల సంఘాలను అందరి దృష్టికీ తెచ్చింది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ కూడా ఆ సొసైటీకి వచ్చింది. బహుమతి సంగతి అలా ఉంచి, పొలంలోని కిటుకు చూద్దాం.

జూన్‌లో అన్నీ ఒకేసారి విత్తినా ఒకేసారి కోతకు రావు. పెసర రెండు నెలల్లో చేతికొస్తుంది. కొర్ర మూడు నెలలకు. జొన్న మరికొంత ఆగి. కంది డిసెంబర్, జనవరి దాకా నిలబడి ఉంటుంది. కొర్ర కోసేశాక ఖాళీ అయిన చోటంతా కంది కొమ్మలు చాచుకుంటుంది. అంటే ఒకే సెంటు నేలను లెక్కలో రెండుసార్లు వాడుకోవచ్చు. వానలు ముందు వచ్చి తర్వాత మొహం చాటేస్తే పెసర, కొర్ర దక్కుతాయి. ఆలస్యంగా వస్తే కంది నిలబెడుతుంది. కంది వేళ్ల బుడిపెల్లో రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తుందని ఎనిమిదో తరగతి సైన్స్‌లో పిల్లలు చదువుకునే ఉంటారు. కంది మొక్కను వేళ్లతో పీకి ఆ బుడిపెలు చూసిన పిల్లలు ఎందరో మీరే అడిగి తెలుసుకోండి.

విత్తనం కొనరు. బాగా పండిన కంకులు ఏరి ఆరబెట్టి, బూడిద, వేపాకు కలిపి వెదురు గుమ్ముల్లో పోసి, పేడతో అలికి దాస్తారు. ఒకరి దగ్గర విత్తనం లేకపోతే ఇంకొకరి దగ్గర తెచ్చుకుని, పంటకు కాస్త ఎక్కువ కలిపి తిరిగి కొలుస్తారు. ఊళ్లో నలుగురితో ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు లేకుండా ఒక్క ఇల్లు తనంతట తాను గడుస్తుందని అక్కడ ఎవరూ అనుకోరు. నగరం నుంచి వెళ్లేవారు మొదట చేసే పని ఫెన్సింగ్ వేసి గేటుకు తాళం పెట్టడం. పశువుల కోసం ఫెన్సింగ్ అవసరమే, కాదనం. పక్క రైతు వచ్చి కూర్చోవడానికి అరుగు కూడా కట్టుకోండి.

గేదె, కోతి, పెళ్లి

పాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అందరి కలలోనూ మొదట వచ్చేది గుమ్మం ముందు కట్టేసిన ఆవో గేదో.

గేదెకు రోజుకు పాతిక ముప్ఫై కిలోల పచ్చిమేత, ఐదారు కిలోల ఎండుగడ్డి, దాణా కావాలి. ఎండుగడ్డి ఒక్కటే ఏడాదికి దాదాపు 2 టన్నులు. మన 33 సెంట్ల వరి నుంచి వచ్చే గడ్డి దానిలో సగానికి కూడా చాలదు. మిగతాది కొనాలి. ఈనిన తర్వాత సుమారు పది నెలలు పాలిచ్చి, నాలుగైదు నెలలు వట్టిపోతుంది. ఆ నెలల్లో పిల్లలు కాఫీ, పెరుగు మానేస్తారా? లేదంటే రెండో గేదె కావాలి, దానికి మళ్లీ మేత నేల. పక్కింటివారితో పాలు వంతులు వేసుకోవడమే ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. పేడకు మాత్రం విలువ కట్టలేం. 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి కలిపితే ఎకరానికి సరిపడా జీవామృతం తయారవుతుంది. ఈ ప్రయోగం పిల్లలు చాలా ఇష్టంగా చేస్తారు, తల్లులు వాసన భరించగలిగితే.

ఇంకో చిన్న లెక్క. పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి పాలు పిండాలి. ఏడాదికి 730 సార్లు. మేనమామ కూతురి పెళ్లికి మూడు రోజులు వెళ్లాలంటే ఆరుసార్లు ఎవరు పిండుతారు? నోట్‌బుక్‌లో ఒక పేరు రాయండి. పేరు దొరక్కపోతే గేదెను కొనడం వాయిదా వేయండి.

కోతులు, అడవిపందుల గురించి బ్రోషర్లు మాట్లాడవు. తెలంగాణలో ఎన్నో ఊళ్లలో పల్లీ, మొక్కజొన్న, కూరగాయలు వేయడం మానుకున్నది నీళ్లు లేక కాదు, కోతుల వల్ల. మీరు చూస్తున్న ఊళ్లో పక్క పొలాల్లో పల్లీ ఉందా లేదా గమనించండి. పాము కాటు మందు దొరికే ఆసుపత్రి ఎంత దూరమో కూడా రాసుకోండి. పిల్లలతో వెళ్తున్నవారు ఈ ఒక్క వివరం తెలుసుకోకుండా ముందుకు పోవద్దు.

నగదు ఎక్కడిది?

ఇల్లు పొలం నుంచి తినగలదు. కానీ ఉప్పు, చక్కెర, బట్టలు, కరెంటు, ఫోను, మందులు, పెట్రోలు పొలంలో మొలవవు. 2025–26కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఎకరంలో పండిన 24 క్వింటాళ్లూ తినకుండా అమ్మేస్తే 56,856 రూపాయలు. దున్నకం, నాట్లు, కూలీలు, కోత మిషను ఖర్చులు ఇంకా తీయలేదు. ఈ అంకెను మన స్కూల్ ఫీజు రసీదు పక్కన పెట్టి చూడమని మేమే చెప్పడం కొంచెం ఇబ్బందిగానే ఉంది. అయినా చూడండి.

అందుకే మా అభిప్రాయం సూటిగా చెబుతాం: పొలం మీ వంటింటి ఖర్చు తగ్గించగలదు, మీ జీతం స్థానంలోకి రాలేదు. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం గానీ, అద్దె గానీ, ఇంటి నుంచి చేసే పని గానీ కనీసం నాలుగైదేళ్లు కొనసాగాలి. అప్పు చేసి పొలం కొన్నవారికి ఈ మార్గమే పనికిరాదు. నెలవారీ ఈఎంఐకి వానాకాలం, ఎండాకాలం తేడా తెలియదు.

ఆ పొలం ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?

కొత్తగా కొనేవారు కాగితాలు చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో అడంగల్, 1-బి. తెలంగాణలో 2025లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతి రికార్డు. రెండు చోట్లా ఈసీ, సర్వే నంబరు, హద్దులు. ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనేతరులు భూమి కొనకూడదు, అందరూ 1/70 అని పిలిచే చట్టం అదే. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూముల బదిలీపై 1977 చట్టం ఉంది, దాని సడలింపులు రెండు రాష్ట్రాల్లో ఒకేలా లేవు. తక్కువ ధరకు వస్తోందంటే ముందు ఈ రెండూ చూసుకోండి. వకీలు ఫీజు దగ్గర పీనాసితనం వద్దు.

అయితే మన పేరెంట్స్‌లో చాలామందికి కొనాల్సిన పనే లేదు. ఊళ్లో నాన్నగారి పేరు మీద ఎకరమో రెండెకరాలో ఉంటుంది, ఎవరో కౌలుకు చేస్తుంటారు. మనం ‘ఊరికి తిరిగి వెళ్లడం’ అనుకునేది ఆ కుటుంబానికి చేస్తున్న పని పోవడం. పదిహేనేళ్లుగా ఆ నేలకు ఎరువు తోలింది వారు. ఏ మూల చౌడు ఉందో, ఏ గట్టు వానకు తెగుతుందో తెలిసింది వారికే. మొత్తం ఒకేసారి తీసుకోకుండా, ముందే చెప్పి, పంట కోతలయ్యాక పది ఇరవై సెంట్లు మాత్రం మీ చేతిలోకి తీసుకోండి. మిగతాది వారే చేస్తారు, మీకు పాఠం కూడా చెబుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల ఒప్పందం రాసుకునే వీలుంది. దానితో కౌలు రైతుకు పంట రుణం, బీమా దారి దొరుకుతుంది, మీ యాజమాన్య హక్కుకు ఇబ్బంది ఉండదు. సంతకం పెట్టడానికి భయపడి ఆ రైతు దారి మూసేస్తున్న యజమానులు ఎందరో. ఈ విషయం పిల్లల ముందే మాట్లాడండి. పౌరశాస్త్రం పుస్తకంలో దీనికంటే మంచి అధ్యాయం లేదు.

ఈ ఏడాది చేయదగిన పని

తొమ్మిది, పది తరగతుల పిల్లలున్నవారు మకాం మార్చే ఆలోచన అప్పటివరకు పక్కన పెట్టండి. మధ్యలో మీడియం, బోర్డు, స్నేహితులు అన్నీ ఒకేసారి మారితే ఆ భారం పడేది పిల్లల మీద. చిన్న తరగతుల వారికి అంత కష్టం కాదు, కానీ స్కూలు బస్సు ఆ దారిన వస్తుందో లేదో ముందు కనుక్కోండి.

పొలం చూడటానికి రెండుసార్లు వెళ్లండి. మే నెలలో ఒకసారి, అప్పుడు పక్క బావిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో తాడు కట్టి కొలవండి. ఆగస్టులో పెద్ద వాన పడ్డ మర్నాడు ఇంకోసారి, నీరు ఎటు పారుతోందో, ఎక్కడ నిలుస్తోందో పిల్లల చేత బొమ్మ గీయించండి. నీటి గుంట ఎక్కడ తవ్వాలో ఆ బొమ్మే చెబుతుంది. మీటరు లోతు నీటి మీద ఎండాకాలంలో రోజుకు అర సెంటీమీటరుకు పైగా ఆవిరైపోతుంది. నీరు మే నెలాఖరు దాకా ఉండాలంటే గుంట ఎంత లోతుండాలో పిల్లలే లెక్క వేస్తారు. శ్రీ సత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ వారు 1990లో 32 ఎకరాల బీడు నేలతో మొదలుపెట్టారు. మట్టినీ నీటినీ ఆపడం, చెట్లు పెరగనివ్వడం అక్కడి తొలి పనులు. పచ్చదనం తిరిగి రావడానికి ఏళ్లు పట్టింది. ఇప్పుడు అనుమతి తీసుకుని పిల్లలతో వెళ్లి చూడదగిన చోటు.

అంతవరకు డాబా మీద చేయదగిన పని కూడా ఉంది. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఏడాదిలో ఎన్ని లీటర్ల వాన పడుతుందో, మీ ఇంట్లో నలుగురూ రోజుకు ఎన్ని బకెట్లు వాడుతున్నారో లెక్క కట్టించండి. ఆపైన 4 కుండీల్లో గోంగూర, మెంతికూర, టమాటా, ఒక కంది మొక్క వేయించండి. కంది గింజ కిరాణా కొట్లో విడిగా అమ్మే పొట్టు తీయని కందుల్లోంచే తీసుకోవచ్చు. ఎన్ని కాయలు కాశాయి, ఎన్ని గ్రాముల పప్పు అయింది, మీ ఇంటి సాంబారుకు అలాంటి మొక్కలు ఎన్ని కావాలి అన్నది నోట్‌బుక్‌లో రాయించండి. జనవరి పేరెంట్ మీటింగ్‌కి ఆ నోట్‌బుక్ వెంట తీసుకురండి. లెక్కల టీచర్, సైన్స్ టీచర్ ఇద్దరూ కూర్చుని చూస్తారు. పొలం కొనే ఆలోచనలో ఉన్నవారు మార్కుల షీటు చూడటం అయ్యాక మరో పది నిమిషాలు ఉండేలా రండి.